ఆవాజ్ పక్కన మన పద్యాన్ని కూర్చోబెట్టండి

పుట్టపర్తి మిర్పురి సంగీత కళాశాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,



వచ్చే ఉగాదికి మీ కళాశాలకు ఇరాన్ నుంచి ఒక గాయకుణ్ణో గాయనినో, ఆ గొంతు వెంట సెతార్ అనే ఇరానీ తంత్రీవాద్యం వాయించే విద్వాంసుణ్ణీ పిలిపించి, కనీసం నెల రోజులు మన మధ్య ఉంచుకోమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక సాయంత్రం కచేరీ చేయించి, శాలువా కప్పి పంపేయడానికైతే ఇంత రాయనక్కర్లేదు. నేను అడిగేది కలిసి కూర్చోవడం, ఒకరి పాఠం ఒకరు వినడం, శ్రుతి దగ్గర వాదించుకోవడం. ఆ కూర్చునేవాళ్లలో మీ విద్యార్థులతో పాటు మన పల్లెల్లో పద్యనాటకం ఆడే కళాకారులు కూడా ఉండాలన్నది నా రెండో కోరిక. నిజానికి ఆ రెండోదే నాకు ముఖ్యం. అందుకే ఈ మాట మీకు విడిగా పంపకుండా పదిమందిలో పెడుతున్నాను. బుక్కపట్నం, కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ చుట్టుపక్కల తెల్లవార్లూ కురుక్షేత్రం ఆడేవాళ్లకు ఇందులో మీకున్నంత భాగమూ ఉంది.

పారశీక సంగీతం, మన సంగీతం కలిసి నడవడం అనగానే ఈ కాలపు శ్రోతలకు గుర్తొచ్చేది ‘గజల్’ బృందం. టెహ్రాన్‌లో 1963లో పుట్టిన కమాన్‌చె విద్వాంసుడు కైహాన్ కల్హోర్, విలాయత్ ఖాన్ కుమారుడైన సితార్ విద్వాంసుడు షుజాత్ హుసేన్ ఖాన్ కలిసి కట్టిన బృందం అది. 1997లో వాళ్ల మొదటి ఆల్బం వచ్చినప్పుడు తబలా మీద ఉన్నది స్వపన్ చౌధురి. 2001లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో చేసిన కచేరీ 2003లో ‘ది రెయిన్’ పేరుతో వెలువడింది, దానికి తబలా సందీప్ దాస్. మూడే మూడు సుదీర్ఘమైన భాగాలు. కమాన్‌చె అంటే ఒడిలో నిలువుగా పెట్టుకుని కమానుతో వాయించే నాలుగు తంతుల వాద్యం. కల్హోర్ ఒక స్వరం దగ్గర కమాను ఆపితే అక్కణ్ణుంచి సితార్ మీద తంతి లాగి పలికే మీండ్ మొదలవుతుంది. షుజాత్ ఖాన్ గొంతెత్తి పాడితే కమాన్‌చె ఆ గొంతు వెంట నడుస్తుంది. ఎవరూ ఎవరికోసమూ తమ భాష పలచన చేసుకోరు. ఆ ఇద్దరూ తమ తమ సంప్రదాయాల్లో పూర్తిగా పండినవాళ్లు కాబట్టే అది సాధ్యమైంది. పై పైన తెలిసినవాళ్లు కలిసి వాయిస్తే వినిపించేది మర్యాద మాత్రమే.

ఇదంతా ఉత్తరాది సంగీతంతో జరిగింది. జరగడంలో వింత లేదు. ఢిల్లీ దర్బారులో పారశీకం రాజభాష. హిందుస్థానీ సంగీత శాస్త్రాన్ని పారశీకంలో రాసినవాళ్లున్నారు. 1666లో ఫకీరుల్లా రాసిన రాగ్ దర్పణ్ అలాంటిదే. అయితే ఈ చరిత్రను చూపించి, పారశీకంతో దక్షిణాదికి పనిలేదు అనుకోవడం మనకు అలవాటైపోయింది. కర్ణాటక సంగీతం బయటి గాలి తగలని గర్భగుడి అన్నట్టుగా మాట్లాడతాం. మన రాగాల పట్టికే ఆ మాటను ఒప్పుకోదు.

నవరోజు రాగాన్ని తీసుకోండి. శంకరాభరణ జన్యం. కింది పంచమం నుంచి పై పంచమం వరకే దాని సంచారం. ప ద ని స రి గ మ ప అని ఎక్కి, మ గ రి స ని ద ప అని దిగుతుంది. లాలిపాటలకు ఇష్టమైన రాగం. ముత్తుస్వామి దీక్షితుల వినాయక కీర్తన ఒకటి ఇందులో ఉంది. పారశీకుల కొత్త సంవత్సరం పేరే ఈ రాగం పేరు. ఇరానీ సంగీతంలోనూ ఈ పేరుతో స్వర సంచారాలున్నాయి. నౌరూజ్-ఎ-అరబ్, నౌరూజ్-ఎ-సబా, నౌరూజ్-ఎ-ఖారా అని వాళ్ల పెద్ద స్వర వ్యవస్థల్లో (దస్త్‌గాహ్‌లలో) ఒకటైన రాస్త్-పంజ్‌గాహ్‌లో పాడతారు. పేరు ఒకటైనంత మాత్రాన పాట ఒకటైపోదు. శతాబ్దాల ప్రయాణంలో స్వరాలు ఇక్కడి మట్టిలో కలిసిపోయి ఉంటాయి. అయినా ఆ మూడింటినీ, మన నవరోజునూ ఒకే గదిలో ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెవికి తెలుస్తుంది. మీ విద్యార్థి ఒకరు ఇంతకంటే మంచి పరిశోధన ఏం చేయగలరు?

హుసేని కూడా అంతే. భరతనాట్యం నేర్చుకునే పిల్లలకు హుసేని స్వరజతి తెలుసు. క్షేత్రయ్య పదాల్లో ఈ రాగానివి ఉన్నాయి, త్యాగరాజు కృతులూ ఉన్నాయి. ఇరానీలు షూర్ అనే దస్త్‌గాహ్ పాడేటప్పుడు పైకి ఎక్కే దారిలో హొసేనీ అనే మజిలీ వస్తుంది. ఇక హెజ్జుజ్జి. విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో అది ఒక మేళం. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో చెప్పిన పంతొమ్మిది మేళాల్లోనూ అది ఉంది. పారశీక రాగమైన హిజాజ్ పేరే ఇలా మారిందని సంగీత చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. రామామాత్యుడు గ్రంథం రాసిన కాలానికే గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీం కుతుబ్‌షా ఏడేళ్లపాటు రామరాయల అండన విజయనగరంలో తలదాచుకున్నాడు. 1550లోనే తిరిగి వెళ్లి సింహాసనం ఎక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. పారశీకం చదివిన రాజు తెలుగు కావ్యాలు అంకితం పుచ్చుకున్న కాలం అది.

ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకే శివగంగ ప్రాంతం నుంచి ఉత్తరాదికి వెళ్లిన పుండరీక విఠలుడు రాగమంజరిలో యమన్, ఇరాక్, హుసేని, హిజాజ్ లాంటి పారశీక రాగాలను మన రాగాల పక్కన పేర్చి చూపించాడు. శివగంగ మనకు దూరమేమీ కాదు, బెంగళూరు పోయే మనవాళ్లకు తెలిసిన కొండే. ఒక దక్షిణాది శాస్త్రకారుడు నాలుగు వందల ఏళ్ల కింద మొదలుపెట్టిన పట్టికను మనం ముందుకు తీసుకుపోలేదు. ఈ రాగాలను 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలోనే అచ్చువేసి ఇచ్చాడు సుబ్బరామ దీక్షితులు. సంగీత సంప్రదాయ ప్రదర్శిని మీ గ్రంథాలయంలో ఉండే ఉంటుంది. అందులో నవరోజు, హుసేని పుటలు ఒకసారి మీ పిల్లల చేత తెరిపించండి.

క్షేత్రయ్య ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. గోల్కొండ పాదుషా దగ్గర పదిహేను వందల పదాలు చెప్పానని ఆయనే ఒక పదంలో చెప్పుకున్నాడు. ఆ దర్బారులో అధికార భాష పారశీకం, ప్రజల భాష తెలుగు. మువ్వగోపాలుడి పదాన్ని ఆ సభలో ఎన్ని రకాల చెవులు విని ఉంటాయో ఆలోచించండి.

మన దగ్గరికే వస్తే, పెనుకొండలో బాబయ్య దర్గా ఉంది. ఆ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్, పారశీక దేశంలోని సీస్తాన్‌ను ఏలుతూ అది వదులుకుని వచ్చాడని దర్గా సంప్రదాయం. ఉరుసుకు అన్ని కులాలవాళ్లూ, మతాలవాళ్లూ వెళ్తారు. ఇది పుట్టపర్తి నుంచి గంట దారి. పారశీకం ఈ సీమకు పరాయిదని ఎలా అనగలం?

చరిత్ర ఇక చాలు. కలిసి పాడటానికి కూర్చుంటే ఏం జరుగుతుందన్నది దీనికంటే ముఖ్యం.

మీ కళాశాలలో చేరిన పిల్లవాడు మొదట నేర్చుకునేది మాయామాళవగౌళ. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ దాంట్లోనే. ఇరానీ సెతార్ మీద దస్త్‌గాహ్‌లలో ఒకటైన చహార్‌గాహ్ వినిపిస్తే ఆ పిల్లవాడు వెంటనే మాయామాళవగౌళ అని పోల్చుకుంటాడు. అంతర గాంధారం, కాకలి నిషాదం ఉన్నాయి, మధ్యలో ఆ పెద్ద అంతరాలూ ఉన్నాయి. మరుక్షణంలో మొహం చిట్లిస్తాడు. రిషభం మనకు అలవాటైన చోట లేదు. శుద్ధ రిషభం కంటే పైన, చతుశ్రుతి రిషభం కంటే కింద ఉంది. ధైవతమూ అంతే. ఇరానీలు దీన్ని కోరోన్ అంటారు. దానికి ఆ పేరు, ఒక గుర్తు పెట్టి రాతలోకి తెచ్చినవాడు అలీ నఖీ వజీరి. మన పిల్లవాడి చెవికి అది శ్రుతి తప్పినట్టుంటుంది. అవతల సెతార్ పట్టుకున్నవాడికి మన కంపిత గమకం ఎక్కడా నిలబడని స్వరంలా వినిపిస్తుంది. ఈ రెండు అసౌకర్యాలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడే నేర్చుకోవడం మొదలవుతుంది. ఇరువైపులా పట్టు వదిలి హార్మోనియం మెట్ల మీద రాజీ పడితే ఆ క్షణంలోనే అంతా పోతుంది.

వీణకు ఇరవై నాలుగు మెట్లు, మైనంతో బిగించినవి. జరపడానికి లేదు. సెతార్‌కు నాలుగు తంతులు, మెడ చుట్టూ కట్టిన మెట్లు. దస్త్‌గాహ్ మారినప్పుడు వేలితో నెట్టి సర్దుకుంటారు. వీణ మీద కోరోన్ పలకాలంటే కింది మెట్టు మీద తంతిని లాగి పట్టాలి. గమకంతో ఊపకుండా, లాగిన చోటే నిలిపి ఉంచాలి. వీణ వాయించేవాళ్లకు లాగడం కొత్త కాదు, లాగి కదలకుండా నిలపడమే కొత్త. నెల రోజులు సాధన చేస్తే వేలికి ఒక కొత్త బలం వస్తుంది. తిరిగి తోడి, వరాళి వాయించేటప్పుడు ఆ బలం ఎక్కడికీ పోదు.

తంబురా దగ్గర ఇంతకంటే చిక్కు ప్రశ్న ఉంది. మనకు షడ్జం కదలదు. రాగమంతా దాని మీద నిలబడి ఉంటుంది. ఇరానీ సంగీతంలో ఒక దస్త్‌గాహ్ అంటే చిన్న చిన్న స్వర సంచారాల వరస. ఒక్కొక్కదాన్ని గూషె అంటారు. మీర్జా అబ్దుల్లా (1843–1918) పరంపరలో వచ్చిన గూషెల సంపుటమైన సెతార్ రదీఫ్‌లో అలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. శిష్యుడు వాటిని గురుముఖంగా ఏళ్ల తరబడి నేర్చుకుంటాడు. 2009లో యునెస్కో ఈ రదీఫ్‌ను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఒక గూషె నుంచి మరో గూషెకు ఎక్కే కొద్దీ పాటకు కేంద్రమైన స్వరం మారుతుంది. దాన్ని షాహెద్ అంటారు. పైకి వెళ్లి వెళ్లి, చివరికి ఫొరూద్ అనే సంచారంతో మొదటి చోటికి దిగివస్తారు. దీని కింద తంబురా మోగుతూనే ఉంటే ఆ కేంద్రం కదిలినట్టే అనిపించదు. అంటే మనం గౌరవంగా పెట్టిన తంబురాయే వాళ్ల రాగాన్ని కట్టేస్తుంది. కాబట్టి కొన్ని సభల్లో తంబురా ఆపాలి. మీ గురువులకు ఇది కష్టమైన మాటేనని నాకు తెలుసు. అయినా ఆపి చూడాలి.

ఇప్పుడు పద్యం విషయానికి వస్తాను.

ఇరానీ గానంలో శిఖరం అనదగ్గది ఆవాజ్. హాఫెజ్‌దో, సాదీదో ఒక గజల్ తీసుకుని తాళం లేకుండా పాడతారు. తాళం లేకపోయినా లయ ఉంటుంది. ఛందస్సు లోపలి గురు లఘువులే దాన్ని నడిపిస్తాయి. పాదం ముగిశాక మాట వదిలేసి అచ్చు మీద గొంతు విరిచి విరిచి పాడే సంచారాన్ని తహ్రీర్ అంటారు. గాయకుడు ఒక పాదం పాడి ఆగితే పక్కనున్న వాద్యం దాన్ని తిరిగి పలికి, తర్వాతి పాదానికి దారి వేస్తుంది. మహమ్మద్ రెజా షజరియాన్ (1940–2020) ఆవాజ్ విన్న తెలుగువాళ్లు ఎవరైనా ఒక్క క్షణం ఆగి, ఇది ఎక్కడో విన్నామే అనుకోవాలి. ఎందుకంటే ఇది మన స్టేజీ పద్యం నడకే.

కీర్తనలో ఇలాంటిది దొరకదు. కీర్తనకు తాళం ప్రాణం. అందుకే కర్ణాటక సంగీతాన్ని, ఇరానీ సంగీతాన్ని కలపాలని కూర్చున్నవాళ్లు మృదంగం దగ్గర, ఇరానీ డోలు తొంబక్ దగ్గర ఆగిపోతారు, లెక్కలు కలపడమే కలవడం అనుకుంటారు. తెలుగువాళ్ల దగ్గర వేరే దారి ఉంది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడు రాయబారానికి వచ్చి పద్యం ఎత్తుకున్నప్పుడు తాళం ఎక్కడుంది? ఉత్పలమాల గణాలే నడక. పాదం చివర గాయకుడు ఆలాపన తీస్తాడు. హార్మోనియం వాయించే ఆయన ఆ ఆలాపన వెంట వెళ్లి, ఆగిన చోట అందుకుని, మళ్లీ గొంతుకు చోటిస్తాడు. జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యం వేరే రాగంలో వస్తుంది. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ణి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పద్యంలో మాట ఎంత స్పష్టంగా ఉండాలో, రాగం ఎక్కడి వరకూ వెళ్లవచ్చో వాళ్లు చెప్పగలరు.

సీసపద్యం ఇంకా దగ్గర. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్కటి రెండు ముక్కలుగా విరుగుతుంది, చివర తేటగీతో ఆటవెలదో. మంచి గాయకుడు ఒక్కో పాదానికీ కొంచెం కొంచెం పైకి వెళ్తాడు. నాలుగో పాదం దగ్గర పై షడ్జం దాటుతాడు. తేటగీతికి కిందికి దిగి ముగిస్తాడు. షాహెద్ మారుతూ పైకెక్కి ఫొరూద్‌తో దిగే ఇరానీ పద్ధతిని మన పద్య కళాకారుడికి వివరించనక్కర్లేదు. ఒక్కసారి వింటే చాలు, పోలుస్తాడు. ఇద్దరూ కవి మాటను మోసుకెళ్లేవాళ్లే. ఇద్దరికీ కవిత్వం ముందు, రాగం తర్వాత.

అయితే ఒక చిక్కుంది. మన పద్యానికి తోడు హార్మోనియం. దానికి పన్నెండు స్వరస్థానాలే, కోరోన్ దాంట్లో పలకదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని తమ స్టూడియోల నుంచి బయట పెట్టినప్పుడు మీండ్, గమకం పలకవన్నది ఒక వాదన. ఆ నిషేధం 1970ల దాకా సాగింది. మన పద్యనాటకం మాత్రం హార్మోనియాన్ని వదల్లేదు, వదలమని నేనూ అనను. ఈ నెల రోజుల కూర్పులో మాత్రం పద్యం పక్కన హార్మోనియం బదులు వయొలిన్ పెట్టి చూడండి, మరో రోజు వీణ పెట్టి చూడండి, ఇంకో రోజు ఇరానీ సెతార్‌నే పెట్టి చూడండి. సెతార్ విద్వాంసుడు మన సీసం వెంట నడిచిన రోజున, మన హార్మోనియం మాస్టారు ఆవాజ్ వింటూ కూర్చున్న రోజున, ఈ జిల్లాలో అంతకు ముందు జరగని సంగతి జరుగుతుంది.

ఈ దారిలో మనం మొదటివాళ్లం కాము. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). హరికథకు పితామహుడు. పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చాడు. 1932లో ఆ పుస్తకం వచ్చింది. దువ్వూరి రామిరెడ్డి కూడా పారశీకం చదువుకునే ఖయ్యామును తెలుగు చేశాడు. తెలుగునాట సంగీత కళాశాల నడిపిన తొలి తరం పెద్ద పారశీక పద్యానికి తెలుగు గొంతు ఇచ్చాడన్నది మీకు నేను గుర్తుచేయాల్సిన పని లేదు. ఆయన చేసింది మాటతో. మీరు స్వరంతో చేయగలరు.

పుట్టపర్తే ఎందుకు అంటారేమో. హైదరాబాదులో చేయవచ్చు, విజయవాడలో చేయవచ్చు. చేస్తే మంచిదే. మీకున్న అనుకూలాలు మాత్రం వాళ్లకు లేవు. మీ దగ్గర కర్ణాటక, హిందుస్థానీ రెండూ ఒకే ప్రాంగణంలో నేర్పుతారు. ఇరానీ విద్వాంసుడు పొద్దున వీణ దగ్గర, మధ్యాహ్నం తబలా దగ్గర కూర్చోవచ్చు. ఊరు దేశదేశాల గొంతులకు అలవాటు పడిన ఊరు. సత్యసాయి భక్తుల్లో ఇరాన్ వాళ్లూ ఉన్నారు. వచ్చిన అతిథికి మాట సాయానికి మనుషులు దొరుకుతారు. 1975లో ఇక్కడ ఆవిష్కరించిన సర్వధర్మ స్తూపం మీద జొరాస్ట్రియన్ల అగ్ని గుర్తు ఉంది. నౌరూజ్ ఆ పాత మతం నాటి నుంచి వస్తున్న పండుగే. రాతిమీద చెక్కిన దానికి స్వరం తోడైతే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

తేదీలు కూడా కలిసివస్తాయి. నౌరూజ్ వసంత విషువత్తు నాడు, మార్చి 20 లేదా 21. ఐక్యరాజ్యసమితి 2010లో మార్చి 21ని అంతర్జాతీయ నౌరూజ్ దినంగా ప్రకటించింది. ఉగాది చాంద్రమానం కాబట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 2023లో మార్చి 21న నౌరూజ్, మరునాడే ఉగాది. అలాంటి ఏడు వచ్చినప్పుడు రెండు కొత్త సంవత్సరాలనూ ఒకే సభలో జరపవచ్చు. రాకపోయినా పాడ్యమికీ విషువత్తుకూ మధ్య ఉన్న రోజులు మన అతిథి రాకకు సరిపోతాయి. తర్వాత ఎండలు ముదురుతాయి. ఏప్రిల్ మధ్యకు ఈ సీమలో పొద్దున, సాయంత్రమే సాధన కుదురుతుంది. సమయపట్టిక దాన్ని చూసుకుని వేయండి.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఇద్దరు విద్వాంసుల ప్రయాణం, నెల రోజుల బస, వాళ్లకు తగిన సంభావన, పది పదిహేను మంది పద్య కళాకారులకు రోజువారీ భత్యం. పద్య కళాకారులకు గౌరవం మాటల్లోనే ఇచ్చి సరిపెట్టవద్దు. ఇరానీ అతిథికి ఏ లెక్కన ఇస్తారో ఆ లెక్కనే వాళ్లకూ ఇవ్వండి. మన నాటక కళాకారుడు పగలు పొలంలోనో, మగ్గం మీదో పనిచేసి రాత్రి కృష్ణుడవుతాడు. నెల రోజులు అతన్ని కళాశాలకు రమ్మంటే ఆ నెల కూలి ఎవరిస్తారు? వీసాల విషయంలో హైదరాబాదులో ఇరాన్ కాన్సులేట్ ఉంది, వాళ్లను అడగండి. ఇరాన్ నుంచి రావడం కుదరని పక్షంలో ఐరోపాలో, అమెరికాలో స్థిరపడిన ఇరానీ విద్వాంసులు ఉన్నారు. ఆ దేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లు పూనుకుంటే ఆ ప్రయాణ ఖర్చు వాళ్లకు పెద్ద భారం కాదు.

ఒకటి మాత్రం చేయకండని బతిమాలుతున్నాను. నెల చివర సభ పెట్టి, కీబోర్డు, డ్రమ్స్ చేర్చి, రెండు సంగీతాలకూ కామన్‌గా ఉండే నాలుగు స్వరాలు ఏరి, అందరూ చప్పట్లు కొట్టేలా ఐదు నిమిషాల ముక్క చేయవద్దు. అలాంటి ఫ్యూజన్ చాలా విన్నాం. అందులో ఇరాన్ ఉండదు, తెలుగూ ఉండదు. దానికి బదులు ఆ నెల జరిగిన పాఠాలను, వాదాలను, తప్పులను కూడా రికార్డు చేయండి. మన విద్యార్థి కోరోన్ పట్టుకోలేక తడబడిన పాఠం, సెతార్ విద్వాంసుడు హుసేని గమకం దగ్గర ఆగిపోయిన పాఠం రాబోయే తరానికి కచేరీ కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. నవరోజునూ మూడు నౌరూజ్‌లనూ, హుసేనినీ హొసేనీనీ పక్కపక్కన పెట్టి స్వరలిపితో సహా తెలుగులో ఒక చిన్న పుస్తకం వేయండి. పుండరీక విఠలుడి పట్టికకు అది మన చేర్పు అవుతుంది.

చివరి రోజున సభ పెట్టదలచుకుంటే అది కళాశాల ఆవరణలో కాకుండా ఏదో ఒక ఊళ్లో, నాటకం ఆడే అరుగు మీద పెట్టండి. పెనుకొండలో పెట్టినా సంతోషమే. ముందు మన ఊరి కళాకారుడు ఒక సీసం పాడాలి. తర్వాత అతిథి ఒక గజల్ ఆవాజ్‌గా పాడాలి. ఆ తర్వాత ఎవరు ఎవరి వెంట వాయిస్తారో వాళ్లే నిర్ణయించుకుంటారు.

పెద్దలు ఈ మాటను పాలక మండలి ముందు పెట్టి, అవుననో కాదనో నలుగురికీ తెలిసేలా జవాబివ్వాలని కోరుతున్నాను. అవునంటే, పల్లెల నుంచి పద్య కళాకారులను వెతికి తీసుకొచ్చే బాధ్యత నాది, నాలాంటి శ్రోతలది.

ఇట్లు,
పద్యం విని పెరిగిన ఒక శ్రోత,
బుక్కపట్నం, శ్రీ సత్యసాయి జిల్లా